పైదారము, క్రిందిదారము

మన తెలుగునాట బొంత లేని యిల్లు అరుదు. చినిగిన చీరలను, పాతపంచెలను పొరలుపొరలుగా పరచి, అంచులు లోనికి మడిచి, తీరికవేళల ఇల్లాండ్రు కుట్టిన బొంతలమీదనే మనలో పెక్కుమందిమి పెరిగితిమి. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశీయులు కాంథా యందురు. బీహారువారు సుజని యందురు. సింధు రాజస్థాన ప్రాంతములవారు రల్లీ యందురు. పేర్లు వేరైనను పని యొక్కటే. పొరలను కదలకుండ పట్టియుంచుటయే ఆ కుట్టునకు ప్రయోజనము.

చేతికుట్టులో దారము ఒక్కటే. సూది క్రిందికి దిగును, పైకి వచ్చును, దానివెంట దారము నడచును. ఎంత లాగవలెనో కుట్టు నామె వ్రేళ్ళకే తెలియును. ఎక్కువ లాగినచో బట్ట ముడుచుకొనును. తక్కువ లాగినచో దారము వదులై, పడుకొన్నవాని కాలివ్రేలికి తగులుకొని తెగును. ఈ రెంటికి నడుమనున్న బిగువు ఏదో ఆమెకు ఎవరును నేర్పలేదు. పది బొంతలు కుట్టునప్పటికి అది చేతికి వచ్చినది.

కుట్టుమెషిను వచ్చిన పిమ్మట దారములు రెండయినవి. ఒకటి పైనున్న కండెనుండి సూదిగుండ దిగును. రెండవది క్రింద, కంటికి కనబడని చోట, బాబిను అను చిన్న కండెకు చుట్టుకొని యుండును. ఈ రెండును బట్ట నడుమ కలసికొని, ఒకదానిని ఒకటి పెనవేసికొని, మరల తమతమ వైపులకు పోవును. పైదారము పైననే యుండవలెను, క్రిందిదారము క్రిందనే యుండవలెను, మెలిక మాత్రము బట్టలోపల దాగవలెను. అట్లు దాగవలెనన్నచో రెండు లాగుళ్ళకు సమము కుదురవలెను. వ్రేళ్ళు చేయుచుండిన పనిని ఇప్పుడు ఇనుము చేయవలసివచ్చినది. ఇనుమునకు ఆ తెలివి ఎట్లు వచ్చెనో, ఎంతవరకు వచ్చెనో చెప్పుటయే నేటి నా ప్రసంగమునకు విషయము.

కుట్టుయంత్రపు చరిత్ర వ్రాయువారు సామాన్యముగా సూదికథ చెప్పుదురు. సూదికొనయందు బెజ్జము పెట్టిన ఘనత ఎవరిది యను తగవు న్యాయస్థానములకు ఎక్కినది గనుక ఆ కథకు రుచి యెక్కువ. కాని నా అభిప్రాయమున అది సగము కథ మాత్రమే. సూది కుదిరిన తరువాతను యంత్రము కుట్టుటకు నిరాకరించిన దినములు కలవు. బిగువు కుదిరిననాడే అది కుట్టినది. ఈ రెండవ సగము చెప్పుటకు ముందు మొదటి సగమును కొంచెము తడవక తప్పదు.

1755లో లండనునందు వీసెంథాలు అను జర్మను జాతీయుడు రెండు కొనలు గల సూదికి పేటెంటు పొందెను. 1790లో థామస్ సెయింటు అను ఆంగ్లేయుడు, వృత్తిచే కొయ్యసామానులు చేయువాడు, తోలు కుట్టుటకు ఒక యంత్రమును చిత్రించి పేటెంటు తీసికొనెను. ఆ కాగితములు ఎనుబదియేండ్లకు పైగా ఎవరి కంటను బడక కట్టలలో నుండిపోయెను. 1870 తరువాతనే న్యూటన్ విల్సను అను నతడు వానిని వెదకితీసి, ఆ చిత్రమునుబట్టి యంత్రమును చేయించెను. మార్పులు లేనిదే అది నడువలేదు. కాగితముమీద కుట్టుట వేరు, బట్టమీద కుట్టుట వేరు అనుటకు ఇది మొదటి నిదర్శనము.

1830లో ఫ్రాన్సుదేశపు దర్జీ బార్తెలెమీ తిమోన్నియే పేటెంటు పొందిన యంత్రము మాత్రము నిజముగా కుట్టినది. పారిసు నగరమున దాదాపు ఎనుబది యంత్రములు సైనికుల దుస్తులు కుట్టుచుండెను. తమ కూడు పోవుచున్నదని భయపడిన దర్జీలు 1831లో గుంపుగా వచ్చి వానిని విరుగగొట్టిరి. తిమోన్నియే మరల మరల ప్రయత్నించి, తుదకు 1857లో పేదరికముననే చనిపోయెను. ఆ దర్జీలను మూర్ఖులని త్రోసివేయుట తేలిక. దినమంతయు సూదితో పొడిచి ఒక చొక్కా కుట్టి బిడ్డలకు రొట్టె తెచ్చువానికి, దినమునకు ఎన్నో చొక్కాలు కుట్టు ఇనుమును చూచినప్పుడు కలుగు భయము ఎట్టిదో మన నేతగాండ్రకు తెలియనిది కాదు.

తిమోన్నియే కుట్టు గొలుసుకుట్టు. దారము ఒక్కటే; ఒక ఉచ్చులోనుండి మరియొక ఉచ్చు తీయుచు అది ముందుకు పోవును. దానిని మీరందరును ఎరుగుదురు. నేడు బియ్యపు బస్తాల మూతికి యంత్రముతో వేయు కుట్టు చాలవరకు ఆ జాతిదే. సరియైన కొనను పట్టి లాగినచో బర్రుమని మూతియంతయు ఒక్కమారుగా ఊడివచ్చును. బస్తాకు అది సౌకర్యము. చొక్కాకు అది ప్రమాదము. ఒక్కచోట తెగిన దారము వీపంతయు విప్పివేయకుండవలెనన్నచో దారములు రెండు కావలెను.

ఆ రెండవ దారమును తెచ్చినవాడు న్యూయార్కులోని వాల్టరు హంటు. 1830 దశకపు తొలిభాగమున అతడు కొనయందు బెజ్జముగల సూదిని, మగ్గపు నాడెవలె ఇటునటు పోవు చిన్న షటిలును కూర్చి యంత్రము చేసెను. సూది దారమును క్రిందికి తెచ్చి, కొంచెము వెనుకకు లేచినప్పుడు అక్కడ ఒక ఉచ్చు ఏర్పడును. రెండవ దారమును మోయు నాడె ఆ ఉచ్చులోనుండి దూరి పోవును. మగ్గమెరిగిన మనకు ఈ యుక్తి కొత్తగా తోచదు. కాని హంటు పేటెంటు తీసికొనలేదు. దీనివలన కుట్టుపనితో బ్రదుకు స్త్రీల నోటికూడు పోవునని అతని కుమార్తె వారించినదని చెప్పుదురు. ఆ హంటే 1849లో నేటి పిన్నీసును కనిపెట్టి, దాని హక్కును 400 డాలర్లకు అమ్ముకొనెను.

తరువాతివాడు ఎలియాస్ హౌ. 1819లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున పుట్టెను. 1845లో బోస్టను నగరమున తన యంత్రమును అయిదుగురు కుట్టుపనికత్తెలకు పోటీగా నిలిపి గెలిచెను. అది నిమిషమునకు 250 కుట్లు వేసినదని చెప్పుదురు. 1846 సెప్టెంబరు 10వ తేదీన అతనికి పేటెంటు లభించెను. అయినను కొనువారు లేరైరి. బ్రదుకుతెరువునకై ఇంగ్లండునకు పోయి, అక్కడ నిలువలేక, 1849లో చేతిలో కాసు లేక తిరిగివచ్చెను. కొలదికాలముననే భార్య చనిపోయెను. అతని యంత్రమున బట్టను నిలువుగా ముండ్లపట్టీకి గ్రుచ్చవలెను. పట్టీ ఎంత పొడవో అంతమేరయే తిన్నగా కుట్టవచ్చును. పిమ్మట బట్టను తీసి మరల గ్రుచ్చవలెను. ఇట్టి మెషినుపై బొంత కుట్టుటను తలచుకొనుటయే కష్టము.

ఇక సింగరు కథ. ఐజక్ సింగరు 1850లో బోస్టనులో ఆర్సన్ ఫెల్ప్సు అనువాని పనిశాలకు వచ్చెను. అక్కడ బాగుచేయుటకు వచ్చు కుట్టుయంత్రములను చూచి, అంతకంటె మంచిది చేయగలనని పందెమువలె పూనుకొనెను. జీబరు అను మిత్రుడు 40 డాలర్లు పెట్టుబడి యిచ్చెను. సింగరు తాను చెప్పిన వృత్తాంతము ప్రకారము పదునొకండు దినములు రాత్రింబవళ్ళు పనిచేయగా యంత్రము ముగిసెను. రాత్రి దానిని నడిపి చూచిరి. అది కుట్టలేదు. పనివారు విసిగి ఒక్కొక్కరే వెడలిపోయిరి. జీబరు దీపము పట్టుకొని నిలిచియుండ, సింగరు ఎంతసేపు ప్రయత్నించినను బిగుతైన కుట్టు పడలేదు. అర్ధరాత్రి కావచ్చినప్పుడు ఇద్దరును ఆశ వదలి బసకు బయలుదేరి, దారిలో ఒక పలకలదొంతిమీద కూలబడిరి.

అప్పుడు జీబరు ఒక చిన్నమాట అడిగెను. బట్టమీద వదులుగా నిలుచుచుండిన సుళ్ళు సూదిదారమువి. అది గమనించితివా యని. ఆ మాటతో సింగరునకు మెరుపు మెరసినట్లు తోచినది. సూదిదారమునకు పెట్టవలసిన బిగువును సరిచేయుట తాను మరచిపోయెను! ఇద్దరును పనిశాలకు మరలివచ్చిరి. సింగరు బిగువు సరిచేసి త్రిప్పగా అయిదు కుట్లు చక్కగా పడెను. ఆరవది పడకమునుపే దారము తెగెను. ఆ అయిదు కుట్లు చాలును. మరునాటి మధ్యాహ్నము మూడుగంటలకు యంత్రము సిద్ధమయ్యెను. చక్రములు, సూది, షటిలు అన్నియు తమతమ చోటులనే యుండెను. లేనిది ఒక్క బిగువు. అది లేనంతవరకు పదునొకండు దినముల శ్రమయు ఇనుపముక్కల కుప్పయే.

1851 ఆగస్టు 12వ తేదీన సింగరు పేటెంటు పొందెను. ఆ పత్రమున అతడు తనవని చెప్పుకొన్న యుక్తులలో రెండు దారములను ఒకే క్షణమున బిగియలాగు విధానము ఒకటి. సూది దిగునప్పుడు పైదారము వదులు కాకుండ ఒక మెత్తవంటి దానిచే ఒత్తిపట్టుట మరియొకటి. పలకలదొంతిమీద నేర్చిన పాఠమును అతడు మరువలేదని నాకు తోచుచున్నది.

అదే 1851 ఆగస్టు 12వ తేదీననే మరియొకనికిని పేటెంటు లభించినది. అతడు అలెన్ విల్సను. నాడెవలె ముందువెనుకలకు పరుగెత్తు షటిలునకు బదులు గుండ్రముగ తిరుగు కొక్కెమును అతడు కల్పించెను. మరుసటి సంవత్సరమున దాని నడుమ కదలక నిలిచి, రూపాయి బిళ్ళవలె పలుచగా నుండు గుండ్రని బాబినును అమర్చెను. పైదారపు ఉచ్చును కొక్కెము పట్టి ఈ బాబిను చుట్టును త్రిప్పివేయును. 1854లో బట్టను ఒక్కొక్క కుట్టుమేర జరుపు పండ్లపట్టెకు కూడ అతడు పేటెంటు పొందెను. మన దర్జీల మెషినులలో సూదిక్రింద కనబడు పండ్లు ఆ వంశమునకు చెందినవే.

ఇంతమందికి హక్కులు కలుగగా వ్యాజ్యములు రాక మానవు. హౌ అందరిమీదను దావాలు వేసెను. తన రక్షణకై సింగరు పక్షము వాల్టరు హంటును వెదకి తెచ్చినది. హంటు ముందుగా చేసినమాట నిజమే యని అధికారులు ఒప్పుకొనిరి. కాని ఇన్నియేండ్లు విడిచిపెట్టిన హక్కు ఇప్పుడు చెల్లదనిరి. 1854లో హౌ గెలిచెను. 1856లో హౌ, సింగరు కంపెనీ, వీలరు విల్సను కంపెనీ, గ్రోవరు బేకరు కంపెనీ కలసి తమ హక్కులను ఒక కూటమిగా కట్టిరి. అమెరికాలో అమ్ముడుపోవు ప్రతి యంత్రమునకు హౌకు మొదట అయిదేసి డాలర్లు ముట్టుచుండెను. కాసు లేక తిరిగివచ్చినవాడు 1867లో ధనవంతుడై మరణించెను. అదే 1856లో సింగరు కంపెనీ భాగస్వామి ఎడ్వర్డు క్లార్కు వాయిదాలమీద అమ్మకము మొదలుపెట్టెను. దానితో యంత్రము కార్ఖానా దాటి ఇండ్లలోనికి వచ్చినది. ఇల్లాండ్రు బొంతలను సైతము దానిపై కుట్టి, అది కనబడునట్లు పరచుకొనిరి. బొంతమీది మెషినుకుట్టు ఆ యింటి కలిమికి గురుతు.

మన దేశమున కుట్టుమెషినునకు దక్కిన గౌరవము విశేషమైనది. యంత్రములను గూర్చి అంతగా సంశయించిన గాంధీమహాత్ముడు 1924లో, యంగ్ ఇండియా పత్రికలో ప్రకటింపబడిన ఒక సంభాషణలో, సింగరు కుట్టుయంత్రమును తన సంశయమునకు వెలియైనదిగా ఎన్నుకొనిరి. భార్య కుట్టుపనితో అలయుట చూడలేక సింగరు దానిని కల్పించెనని వారు భావించిరి. సింగరు జీవితచరిత్ర చూడగా అతనిని నడిపినది ధనాపేక్ష యనియే తెలియును. అయినను మహాత్ముని మాటలోని సారము చెడలేదు. మనుష్యుని చేతిని తొలగింపక దాని శ్రమను తగ్గించు యంత్రము మంచిదనుటయే వారి అభిప్రాయము. 1930 దశకమున కలకత్తాలో స్థాపింపబడిన జే ఇంజనీరింగు వర్క్సు వారి ఉషా మెషినులు పిమ్మట మన పల్లెలవరకు వచ్చినవి.

చేతిని తొలగింపని యంత్రమని అంటిని. అది ఎట్లో బాబినును చూచిన తెలియును. పూర్వపు షటిళ్ళలో క్రిందిదారపు బిగువును మార్చుటకు ఒక వింత యేర్పాటు కలదు. షటిలు గోడకు వరుసగా బెజ్జము లుండును. దారమును ఎక్కువ బెజ్జములలో దూర్చినచో బిగువు హెచ్చును, తక్కువ బెజ్జములలో దూర్చినచో తగ్గును. తరువాత వచ్చిన బాబినుకేసునకు ప్రక్కన ఒక పలుచని స్ప్రింగురేకు, దానిని ఒత్తుటకు ఒక చిన్న మరమేకు అమర్చిరి. దారము ఆ రేకుక్రిందుగా జారివచ్చును. మేకును కుడివైపునకు త్రిప్పిన రేకు ఒత్తుకొని బిగువు హెచ్చును. ఎడమకు త్రిప్పిన తగ్గును. పైదారమునకు రెండు బిళ్ళలు, వాని వెనుక చుట్టుస్ప్రింగు, ముందు ఒక మరచక్రము ఉండును. నూటయేబది యేండ్లుగా ఎన్ని మార్పులు వచ్చినను, గృహములలోని మెషినులలో చాలవాటికి ఈ యేర్పాటే నేటికిని ఆధారము. ఎంత బిగింపవలెనో మాత్రము ఇనుము చెప్పదు. దానిని కుట్టువారే నిర్ణయింపవలెను.

ఆ నిర్ణయమునకు పనివారు ఒక క్రమమును ఏర్పరచుకొనిరి. మొదట క్రిందిదారము, పిమ్మట పైదారము. ఏలయనగా క్రిందిదారము మెల్లని లాగుడు గలది, మాటిమాటికి మార్చుటకు వీలులేనిది. దానిని ఒకమారు నిలిపి, పైదారమును దానికి అనుగుణముగా త్రిప్పవలెను. రెంటిని ఒకేమారు త్రిప్పువాడు రెండు కుంటెడ్లను ఒకేమారు సరిచేయబోయిన రైతువంటివాడు. ఏది కుంటినదో తెలియకపోవును.

క్రిందిదారమును పరీక్షించుటకు తులము, త్రాసు అక్కరలేదు. నిండు బాబినును కేసులో నుంచి, దారపుకొనను పట్టి గాలిలో వ్రేలాడదీయవలెను. దానంతట అదియే జరజర జారి నేలకు దిగినచో వదులు ఎక్కువ. చేతిని విదిల్చినను కదలనిచో బిగువు ఎక్కువ. ఊరకున్నప్పుడు నిలిచి, మెల్లగా విదిల్చినప్పుడు అంగుళమో రెండంగుళములో దిగి మరల ఆగినచో సామాన్యమైన కుట్టునకు అది తగిన బిగువు. సరిచేయవలసివచ్చినచో మరమేకును పూర్తిచుట్టు త్రిప్పరాదు. గడియారపు ముల్లు అయిదు నిమిషములలో జరుగునంతమేర త్రిప్పి మరల వ్రేలాడదీసి చూడవలెను. ఆ మేకు ఆవగింజవంటిది. జారిపడినచో దొరకదు గనుక క్రింద తెల్లబట్ట పరచుకొనుట మంచిది.

మేకును ముట్టుకొనుటకు ముందు రేకుక్రింద చూడవలెను. నూలుపీచు, దుమ్ము అక్కడ చేరినచో రేకు లేచిపోయి, మేకు సరిగానున్నను దారము వదులుగా జారును. దళసరి కాగితపు మూలతో ఆ పీచును తోసివేసినంతనే బిగువు తిరిగివచ్చుట నేను పెక్కుమారులు చూచితిని. బాబినును చుట్టుటలోను జాగ్రత్త కావలెను. ఒకప్రక్క ఎత్తుగను మరియొకప్రక్క పల్లముగను చుట్టిన బాబిను ఒక క్షణము బిగియును, మరుక్షణము వదలును. ఏ మేకును దానిని సరిచేయలేదు.

పిమ్మట పైదారమును చూడవలెను. అసలు పనికి వాడు బట్టయే రెండు మూడు పొరలు తీసికొని, పైన ఒక రంగు, క్రింద ఒక రంగు దారము పెట్టి ఒక జానెడు కుట్టవలెను. పైని బట్టమీద క్రిందిదారపు రంగు చుక్కలుగా పొడచూపినచో పైదారము మిక్కిలి బిగిసినది, లేదా క్రిందిది వదిలినది. బట్ట అడుగున పైదారము ఉచ్చులుగా వ్రేలాడుచు, క్రిందిదారము తీగవలె తిన్నగా పడియున్నచో పైదారము వదిలినది. ఇందు గమనింపదగిన విశేషము కలదు. దోషము అడుగున కనబడగా బాబినే చెడినదని తలచువారు అనేకులు. కాని అడుగున కనబడు ఉచ్చులకు సామాన్యముగా పైదారమే కారణము. బిగువు బొత్తిగా లేనిచోట సింగరునకు జరిగినట్లు సుళ్ళు పైననే నిలుచుటయు కలదు. పాదమును పైకెత్తి దారము ఎక్కించవలెను. అనేక మెషినులలో పాదము దిగియున్నప్పుడు బిళ్ళలు మూసికొనియుండును గనుక దారము వాని నడుమకు పోక పైపైన నిలుచును.

రంగుదారములు లేనివారికి మరియొక పరీక్ష కలదు. బట్టను ఐమూలగా మడిచి దానిపై ఒక కుట్టు వేసి, రెండుకొనలు పట్టి గట్టిగా ఒక్క గుంజు గుంజవలెను. ఏ దారము ముందు తెగినదో అదే ఎక్కువ బిగిసినది. రెండును తెగక సాగినచో, లేక రెండును కలసి తెగినచో, సమము కుదిరినది.

బొంతవంటి దళసరి పనిలో ఈ లెక్క మరికొంత కఠినమగును. పలుచని బట్టలో మెలిక దాగుటకు చోటు వెండ్రుకవాసి; దూదిపొరలో అంగుళమున కొంతభాగము చోటుండును గనుక దాగుట సులభమే. కాని ఆ మందమున పైదారము దూరిపోవునప్పుడు రాపిడి హెచ్చును. పలుచని బట్టకు సరిపడిన బిగువు బొంతకు సరిపడదు. దారము మార్చినను, పొరలు పెంచినను మరల పరీక్షింపవలెను.

20వ శతాబ్దపు చివరిభాగమున అమెరికాలో బొంతలకొరకే పొడుగుచేతి మెషినులు వ్యాపించినవి. వానిని లాంగ్ ఆర్మ్ మెషినులందురు. వానిలో బట్ట కదలదు. రోలర్లకు చుట్టి మగ్గముమీది పడుగువలె బిగించిన బొంతపై మెషినే పట్టాలమీద నలుదిక్కులకు తిరుగును. సామాన్యపు మెషినులో కుట్టు చాలవరకు ఒకే దిక్కునకు పోవును. ఇందులో పూలు, తీగలు, వలయములు చిత్రించుచు ప్రక్కలకు, వెనుకకు పోవునప్పుడు సూది కొంచెము వంగును, దారపు లాగుడు మారును. వంకరల దగ్గర అడుగున పైదారము కనురెప్ప వెండ్రుకలవలె వరుసగా పొడుచుకొని వచ్చుట ఆ పనివారికి నిత్యమైన తలనొప్పి. ఈ మెషినులు అతివేగమున నడచి చటుక్కున ఆగును గనుక, ఆగినతరువాతను బాబిను తిరుగుచుపోయి దారము చిక్కుపడకుండ కేసులో మరియొక చిన్న స్ప్రింగు పెట్టుదురు. క్రిందిదారపు బిగువును అంకెలలో చూపుటకు జపానుదేశపు టోవా కొలతపరికరమును కొందరు వాడుదురు. అయినను అంకె చూచిన తరువాత ఒక ముక్కమీద కుట్టి, త్రిప్పిచూచి, వ్రేలితో తడవిన పిమ్మటనే అసలు బొంతపైకి పోవుదురు. పాతచీరల బొంత కుట్టిన మన అవ్వ వ్రేళ్ళకు ఉండిన అధికారము ఆ మెషినుచెంతను తప్పలేదు.

పెద్దలకు ఒక మనవి. మన గ్రామములలో నేటికిని ఎందరో స్త్రీలు ఒక్క మెషినుమీద సంసారమును నెట్టుకొనివచ్చుచున్నారు. అడుగున ఉచ్చులు పడగానే మెషిను చెడినదని తలచి పనిమానుట, దూరపుపట్టణమునకు మోయించుట, వచ్చిన ధరకు అమ్మివేయుట నేను కన్నులార చూచితిని. వానిలో కొన్ని నిజముగా అరిగినవి. కాని చాలవాటికి కావలసినది ఒక కాగితపుమూల, ఒక చిన్న స్క్రూడ్రైవరు, పావుగంట ఓపిక. అర్ధరాత్రి చేతులు వదలి వెడలిపోయిన ఆ బోస్టను పనివారిని ఒకమారు తలచుకొనుడు. వారు విడిచిపోయిన యంత్రమున విరిగినది ఏదియు లేదు. మీ యింటనో పొరుగుననో మెషిను మొరాయించినచో, అమ్మకపుమాట ఎత్తుటకు ముందు బాబినుకేసును బయటికి తీయించి, దారముతో వ్రేలాడదీయించి చూడుడు.